క్రమశిక్షణ లేనిది ఎవరికి?

2020 ఏప్రిల్ 24న తమిళనాడు ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. చెన్నై, కోయంబత్తూరు, మదురై నగరాల్లో 26వ తేదీ నుంచి నాలుగు రోజులు అన్నీ బంద్, కిరాణా కొట్టు కూడా తెరవకూడదు. మర్నాడు పొద్దున్నే చెన్నై కోయంబేడు మార్కెట్‌కు జనం పోటెత్తారు. దాదాపు 300 ఎకరాల ఆ టోకు మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. నాలుగు రోజుల సరుకు ఒక్క పూటలో కొనుక్కోమంటే ఇంకేమవుతుంది? వారం తిరిగేసరికి హమాలీలకు, వ్యాపారులకు వరసగా కరోనా పాజిటివ్ రావడం మొదలైంది. మే 5న మార్కెట్ మూసేశారు. పని పోయిన కూలీలు దొరికిన లారీ ఎక్కి కడలూరు, విళుపురం, అరియలూరు వైపు సొంతూళ్లకు వెళ్లిపోయారు. వైరస్సూ వాళ్లతోనే వెళ్లింది. సరిహద్దు దాటి చిత్తూరు, నెల్లూరు జిల్లాలకూ వచ్చింది. ఆ నెల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బులెటిన్లలో కోయంబేడు నుంచి వచ్చిన కేసుల ప్రస్తావన విడిగా ఉండేది.

ఇంత జరిగాక వినిపించిన తీర్పు ఒక్కటే: "మనవాళ్లకు క్రమశిక్షణ లేదండీ." నాలుగు రోజుల బంద్‌ను ఒక్క రోజు ముందు ప్రకటించిన వాళ్ల క్రమశిక్షణ గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తీర్పు ఇప్పటికీ చెలామణిలో ఉంది. మహమ్మారి రోజుల్ని తలుచుకున్నప్పుడల్లా చదువుకున్నవాళ్లు, కొందరు డాక్టర్లు, చాలామంది రాజకీయ నాయకులు ఒకే పాట పాడతారు. కొత్తగా తలెత్తిన వైరస్‌ను అక్కడికక్కడ ఆపడం మన వల్ల అయ్యే పని కాదట. ఆపిన దేశాలు దీవులో, నియంతృత్వాలో, డబ్బున్నవో అయి ఉంటాయట. మన జనాభాకు, మన మురికివాడలకు అది కుదరదట. చివరికి అందరికీ వచ్చి తీరింది కాబట్టి ఆ పాట్లన్నీ వృథా అట. వినడానికి ఇది అనుభవసారంలా ఉంటుంది. ఒక్కో ముక్కా పట్టి చూస్తే నిలిచేది దాదాపు ఏమీ లేదు.

కోయంబేడు మూతపడిన ఐదు వారాలకు బీజింగ్‌లో అలాంటి ఘటనే జరిగింది. యాభై ఆరు రోజుల పాటు స్థానికంగా ఒక్క కేసూ లేని ఆ నగరంలో జూన్ 11న ఒకరికి పాజిటివ్ వచ్చింది. అతను రెండు వారాల్లో తాను తిరిగిన చోట్లన్నీ గుర్తు చేసుకుని చెప్పాడు. వాటిలో శిన్‌ఫాది టోకు మార్కెట్ ఒకటి. జూన్ 13 తెల్లవారుజామున మార్కెట్ మూశారు. అక్కడ పనిచేసేవాళ్లను, కొన్నాళ్లుగా అక్కడికి వచ్చి వెళ్లినవాళ్లను వెతికి పట్టుకుని పరీక్షించారు. 335 కేసుల దగ్గర అది ఆగిపోయింది. రెండూ కూరగాయల టోకు మార్కెట్లే, రెండూ జనసమ్మర్దంతో కిటకిటలాడేవే. బీజింగ్‌లో మొదటి కేసు బయటపడిన రెండో రోజుకే తాళం పడితే, చెన్నైలో వారానికి పైగా పట్టింది, అప్పటికి కూలీలు జిల్లాలు దాటేశారు.

"చైనా సంగతి వేరు, అక్కడ ఎదురుచెప్పేవాడు ఉండడు" అంటారు. న్యాయమైన అభ్యంతరమే. 2022లో షాంఘైలో జనాన్ని వారాల తరబడి ఇళ్లలో బంధించి తిండికి అల్లాడించిన ప్రభుత్వాన్ని ఎవరూ ఆదర్శంగా పెట్టుకోనక్కర్లేదు. అందుకే చైనాను పక్కన పెట్టి, ఎన్నికలు, కోర్టులు, గోల చేసే పత్రికలు ఉన్న దక్షిణ కొరియాకు వెళ్దాం.

2020 మే మొదటి వారంలో సియోల్‌లోని ఇతేవాన్ ప్రాంతంలో నైట్‌క్లబ్బులకు వెళ్లిన ఒక యువకుడికి పాజిటివ్ వచ్చింది. ఆ క్లబ్బుల్లో కొన్ని స్వలింగ సంపర్కులు ఎక్కువగా వెళ్లేవని కొన్ని పత్రికలు రాసేశాయి. కొరియా సమాజంలో ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోవచ్చు, ఇంట్లోంచి గెంటేయవచ్చు. సహజంగానే క్లబ్బుకు వెళ్లినవాళ్లలో చాలామంది ఫోన్లు ఎత్తడం మానేశారు. క్లబ్బుల రిజిస్టర్లు, క్రెడిట్ కార్డు లెక్కలు చూసి అధికారులు తేల్చిన పేర్లు 5,517. సెల్ టవర్ల సమాచారంతో ఆ చుట్టుపక్కల అరగంటకు మించి ఉన్న 57 వేల మందికి సందేశాలు పంపారు. ఇవన్నీ చేసినా, మనిషి ముందుకు రాకపోతే ఏం లాభం?

అక్కడ సియోల్ నగర యంత్రాంగం ఒక చిన్న మార్పు చేసింది. పరీక్షకు పేరు చెప్పనక్కర్లేదు, ఫోన్ నంబరు ఇస్తే చాలు అన్నారు. పరీక్షకు వచ్చేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. మే 25 నాటికి ఆ గుంపుకు సంబంధించిన కేసులు 246. రెండున్నర కోట్ల జనం మసిలే రాజధాని ప్రాంతంలో, నగరాన్ని మూయకుండా, ఆ మంటను అక్కడితో అదుపులోకి తెచ్చారు.

ఆ కథలోనే అబద్ధం ఖరీదు కూడా ఉంది. ఇంచియాన్‌కు చెందిన ఒక ట్యూషన్ మాస్టారు తనకు ఉద్యోగం లేదని అధికారులకు అబద్ధం చెప్పాడు. అతని దగ్గర చదువుకునే పిల్లల్ని వెతకడం ఆలస్యమైంది. పిల్లల నుంచి వాళ్ల ఇళ్లకు, ఇళ్ల నుంచి ఇంకో చోటికి గొలుసు సాగిపోయింది. కోర్టు అతనికి ఆరు నెలల జైలు వేసింది. వేయడం తప్పని కాదు గానీ, అప్పటికే అంటుకున్నవాళ్లకు ఆ తీర్పు వల్ల ఒరిగిందేమీ లేదు. పేరు అడగకుండా చేసిన పరీక్షలు ఆపిన గొలుసులు అంతకు ఎన్నో రెట్లు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2020 మార్చిలో, దేశవ్యాప్త లాక్‌డౌన్ ఇంకా రాకముందే, కరీంనగర్‌లో తెలంగాణకు తొలి పెద్ద పరీక్ష ఎదురైంది. ఇండోనేషియా నుంచి వచ్చిన మతబోధకుల బృందం ఒకటి రైల్లో రామగుండం దిగి కరీంనగర్ చేరింది. వాళ్లకు పాజిటివ్ అని తేలగానే వైద్య బృందాలు ముకరంపుర చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగాయి. ఎవరితో మాట్లాడారు, ఎక్కడ తిన్నారు, రైల్లో అదే బోగీలో ఎవరు వచ్చారు, అంతా ఆరా తీశారు. అప్పటికి వైరస్ గురించి ఎవరికీ పూర్తిగా తెలియదు, కిట్లు లేవు, మాస్కులు లేవు. అయినా పట్టణమంతా అంటుకుంటుందనుకున్న ఉపద్రవం ఆ రోజుల్లో కొద్దిమందితోనే ఆగింది. "మన వల్ల కాదు" అనేవాళ్లు కరీంనగర్ పేరు ఎత్తరు.

ఆ తర్వాత దేశం నేర్చుకున్న పాఠం మాత్రం తలకిందులైంది. ఢిల్లీలో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత సంస్థ సమావేశానికి వెళ్లినవాళ్లకు వైరస్ సోకిందని బయటపడగానే టీవీ స్టూడియోలు రోగుల్ని వదిలి మతాన్ని పట్టుకున్నాయి. విదేశీ సభ్యుల మీద కేసులు పెట్టారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ కేసుల్ని కొట్టేస్తూ వాళ్లను బలిపశువుల్ని చేశారని తప్పుబట్టింది. కోర్టు మాట వచ్చేలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. దగ్గు వచ్చినవాడు డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమవుతుందో దేశమంతా కళ్లారా చూసింది.

ఆ భయం గల్లీల్లో ఎలా పనిచేసిందో అప్పటి కాలనీల్లో ఉన్నవాళ్లకు తెలుసు. పాజిటివ్ వచ్చిన ఇంటికి అంబులెన్సు సైరన్‌తో వస్తుంది. వీధి మొదట్లో సరుగుడు బాదులు అడ్డంగా కట్టేస్తారు. మున్సిపాలిటీవాళ్లు గేటుకు కాగితం అంటిస్తారు, రోడ్డంతా బ్లీచింగ్ చల్లుతారు. పాలవాడు రావడం మానేస్తాడు. ఇంటి యజమాని అద్దెవాళ్లను ఖాళీ చేయమంటాడు. ఇదంతా చూసిన పక్కింటాయన రేపు జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుని నోరు మూసుకుంటాడా, పరీక్షకు వెళ్తాడా? గేటుకు అంటించే ఆ కాగితాలకు కేంద్రం నియమాల్లో ఆధారం లేదనీ, అధికారిక ఉత్తర్వు ఉంటే తప్ప అంటించవద్దనీ సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 డిసెంబరు వచ్చింది. వీధుల్లో రసాయనాలు చల్లడం వల్ల ప్రయోజనం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది మే నెలలోనే చెప్పింది. అయినా ట్యాంకర్లు తిరుగుతూనే ఉన్నాయి. టీవీలో బాగా కనిపిస్తుంది మరి.

ఇక శాస్త్రం దగ్గరికి వస్తే, ఈ నిరాశావాదాన్ని గట్టిగా కొట్టే ఆధారం దొరికింది తెలుగు నేల మీదే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది వెతికి పట్టుకున్న వివరాలతో రామనన్ లక్ష్మీనారాయణ్ బృందం చేసిన అధ్యయనం 2020 సెప్టెంబరు 30న 'సైన్స్' పత్రికలో వచ్చింది. దాదాపు 85 వేల మంది రోగులు, వాళ్లకు దగ్గరగా మెలిగిన 5 లక్షల 75 వేల మంది వివరాలు అందులో ఉన్నాయి. అప్పటికి ప్రపంచంలో ఇంత పెద్ద స్థాయిలో కాంటాక్టుల్ని వెతికి చేసిన అధ్యయనం లేదు. రోగుల్లో నూటికి 71 మంది తమ కాంటాక్టుల్లో ఒక్కరికీ అంటించలేదు. 8 శాతం మంది నుంచే 60 శాతం కొత్త కేసులు పుట్టాయి.

దీని అర్థం ఏమిటో కాస్త నిదానంగా ఆలోచించాలి. వైరస్ అందరి నుంచీ అందరికీ సమానంగా పాకదు. చాలా గొలుసులు వాటంతటవే తెగిపోతాయి. కొద్ది గొలుసులు మాత్రం ఒక పెళ్లిలోనో, ఏసీ హాల్లోనో, మార్కెట్ షెడ్డులోనో పడగ విప్పుతాయి. అంటే రోగి దొరికినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "నువ్వు ఎవరెవరికి అంటించావు?" అని కాదు, "నీకు ఎక్కడ అంటి ఉంటుంది?" అని. ఎందుకంటే అతనికి అంటిన చోటే ఇంకో పది మందికి అంటి ఉండే అవకాశం ఎక్కువ. జపాన్‌లో హితోషి ఒషితాని బృందం మొదటి నెలల్లోనే ఈ వెనక్కి వెళ్లే పద్ధతి పట్టుకుంది. గాలి ఆడని గదులు, గుంపులు, దగ్గరగా మాటలు, ఈ మూడూ కలిసే చోట్లకు దూరంగా ఉండమని జనానికి చెప్పింది. మన దగ్గర మొదట్లో చేసిందేమిటి? రోగి ఇంటి చుట్టూ మూడు కిలోమీటర్ల పరిధి గీసి కంటైన్‌మెంట్ జోన్ అన్నారు. రోగి నిన్న వెళ్లిన పెళ్లి ఇరవై కిలోమీటర్ల అవతల జరిగి ఉంటే ఆ గీత దాన్నేం పట్టుకుంటుంది?

అలాగని ఆంధ్రప్రదేశ్ చేసిందంతా గొప్పేనని కాదు. యాభై ఇళ్లకో వాలంటీరు చొప్పున ఉన్న వ్యవస్థతో ఆ రాష్ట్రం మొదటి నెలల్లోనే ఇంటింటి సర్వేలు చేసింది, పరీక్షల్లో చాలా రాష్ట్రాల కంటే ముందుంది. అయినా ఆగస్టులో రోజుకు పదివేల కేసులు వచ్చాయి. ఆ స్థాయికి చేరాక ఒక్కో రోగి వెనక ఆరా తీయడం ఏ యంత్రాంగానికీ సాధ్యం కాదు. పూరింటి చూరు అంటుకున్నప్పుడు బిందెడు నీళ్లు సరిపోతాయి, వాడంతా అంటుకున్నాక ఆ బిందెను తిట్టి లాభం లేదు. తెలంగాణది ఇంకో కథ. పరీక్షలు చాలడం లేదని హైకోర్టు పదేపదే మొట్టికాయలు వేసింది. ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి, నగరంలో సుమారు 6 లక్షల 60 వేల మందికి అప్పటికి కొద్దివారాల్లో వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. అదే సమయానికి రాష్ట్రమంతటా అధికారికంగా నమోదైనవి లక్షకు లోపే. వెతకనే వెతకకుండా "దొరకదు" అని తేల్చేశారన్నమాట.

మురికివాడల వాదన మాత్రం అంత తేలిగ్గా తోసేయదగ్గది కాదు. ముంబై ధారావి కథను కట్టడిని సమర్థించేవాళ్లు బాగా వాడేసుకున్నారు. నిజంగా జరిగిన పని తక్కువేం కాదు. రెండున్నర చదరపు కిలోమీటర్ల లోపు స్థలంలో ఆరు నుంచి పది లక్షల మంది ఉండే చోటది. ఎక్కువమందికి దిక్కు ఉమ్మడి మరుగుదొడ్లే, అవి దాదాపు 450. ఏప్రిల్ 1న మొదటి కేసు వచ్చాక మున్సిపల్ అధికారి కిరణ్ దిఘావ్‌కర్ ఆధ్వర్యంలో స్థానిక ప్రైవేటు డాక్టర్లను కూడగట్టి 47 వేలకు పైగా ఇళ్లకు వెళ్లారు. బడులు, కళ్యాణ మండపాల్ని క్వారంటైన్ కేంద్రాలు చేసి తిండి అక్కడే పెట్టారు. ఏప్రిల్‌లో రోజుకు 12 శాతం చొప్పున పెరుగుతున్న కేసులు జూన్‌కు ఒక్క శాతానికి దిగాయి. జులై 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ ధారావి పేరు చెప్పి మెచ్చుకున్నారు.

అయితే అదే జులైలో ముంబై మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేస్తే మురికివాడల్లో 57 శాతం మందికి అప్పటికే వైరస్ వచ్చి పోయినట్టు తేలింది. బయటి ఇళ్లలో అది 16 శాతం. ధారావి ఆ మూడు వార్డుల్లో లేదు. కానీ ధారావి అందుకు భిన్నంగా ఉందనుకోవడానికి కారణమూ లేదు. అక్కడ వైరస్ ఆగిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఒప్పుకోవాల్సిందే. అక్కడ జరిగింది వైరస్‌ను ఆపడం కాదు, ఊపిరాడని మనిషి ఇంట్లో చచ్చిపోకుండా ముందే కనిపెట్టి మంచం చూపించడం. అది తక్కువ ఫలితం అనిపించేవాళ్లు 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ సిలిండర్ కోసం తిరిగిన కుటుంబాల్ని అడగాలి.

దీవుల వాదన సరదాగా ఉంటుంది. న్యూజిలాండ్ దీవి కాబట్టి గట్టెక్కిందట. మరి బ్రిటన్? అదీ దీవే, పైగా ధనిక దేశం. 2020 మార్చి 12న ఆ ప్రభుత్వం సమాజంలో కాంటాక్టుల వెతుకులాట ఆపేసింది. తర్వాత తిరిగి మొదలుపెట్టి, రెండేళ్లకు 37 బిలియన్ పౌండ్ల బడ్జెట్ కేటాయించి, ఎక్కువగా ప్రైవేటు కాల్ సెంటర్లకు అప్పగించింది. దాని వల్ల మహమ్మారిలో చెప్పుకోదగ్గ తేడా వచ్చినట్టు స్పష్టమైన ఆధారం లేదని 2021 మార్చిలో పార్లమెంటు ఖాతాల కమిటీయే రాసింది. ఆ యంత్రాంగం పనితీరుకు మచ్చుతునక: 2020 సెప్టెంబరు చివర్లో 15,841 మంది రోగుల వివరాలు గల్లంతయ్యాయి. కారణం పాతకాలపు ఎక్సెల్ ఫైలు, అందులో 65 వేల చిల్లర వరసల తర్వాత చోటుండదు. వాళ్ల కాంటాక్టులకు రోజుల తరబడి ఫోన్లే వెళ్లలేదు. అదే దేశంలో శాండ్‌వెల్, బ్లాక్‌బర్న్ వంటి చిన్న కౌన్సిళ్లు సొంత మనుషుల్ని ఇళ్లకు పంపి, కాల్ సెంటరుకు దొరకని వాళ్లను పట్టుకోగలిగాయి.

ఇక వియత్నాం చూడండి. దీవి కాదు, చైనాతో పొడవైన సరిహద్దు. డబ్బూ లేదు. 99 రోజులు స్థానిక కేసు లేకుండా గడిచాక 2020 జులై 25న డనాంగ్ నగరంలో ఒకటి బయటపడింది. సెలవుల సీజను, సముద్రతీర నగరం, ఊళ్లో 80 వేల మంది పర్యాటకులు. వాళ్లను ఇళ్లకు పంపించి, ఆస్పత్రుల్ని వేరుచేసి, రోగిని ఎఫ్‌-జీరో అని, అతన్ని కలిసినవాళ్లను ఎఫ్‌-వన్ అని, వాళ్లను కలిసినవాళ్లను ఎఫ్‌-టూ అని వరసలు కట్టి వెతికారు. సెప్టెంబరు మొదట్లో ఆ విడత ముగిసింది. ఆ ఏడాది చివరికి దేశం మొత్తం మీద చనిపోయినవాళ్లు 35 మంది. ఒక పార్టీ పాలన ఉన్న దేశమే, నిజం. కానీ ఒక పార్టీ పాలన ఉన్నంత మాత్రాన ఎఫ్‌-టూ ఇంటికి ఎవరూ నడిచి వెళ్లరు. 2003 సార్స్ నాటి నుంచి పెంచుకున్న సిబ్బంది అక్కడ ఉన్నారు.

మిగిలింది ఆఖరి అస్త్రం: "చివరికి అందరికీ వచ్చింది కదా!" వచ్చింది. వియత్నాంకూ వచ్చింది. 2021లో డెల్టా రకం హోచిమిన్ నగరాన్ని ఊడ్చేసింది, వేల ప్రాణాలు పోయాయి. హాంకాంగ్ రెండేళ్లు కాచుకుని 2022 మొదట్లో ఒమిక్రాన్‌కు కొద్ది నెలల్లోనే తొమ్మిది వేల మందిని పోగొట్టుకుంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పూర్తిగా టీకా వేయించుకోని వృద్ధులు. ఇవి కట్టడి వృథా అనడానికి రుజువులా? కట్టడి ఇచ్చేది గడువు. ఆ గడువులో టీకా రావాలి, వచ్చాక ముసలివాళ్లకు ముందు వేయాలి. న్యూజిలాండ్ ఆ పని చేసింది. వైరస్‌ను లోపలికి రానిచ్చే నాటికి అక్కడి పెద్దలకు టీకాలు పడ్డాయి. 2020 నుంచి 2022 దాకా మూడేళ్లలో ఆ దేశంలో మామూలు కంటే అదనంగా చనిపోయినవాళ్లు దాదాపు లేరు. 2020లో కరోనా రావడం, 2022లో రావడం ఒకటే అని చెప్పగలిగేది, 2021లో ఇంట్లో ఎవరినీ పోగొట్టుకోనివాళ్లే.

మన దేశం ఆ గడువును ఏం చేసుకుంది? 2021 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని అమరావతిలో, విదర్భ ప్రాంతంలో కేసులు మళ్లీ లేస్తున్నాయి. అదే ఫిబ్రవరిలో ఢిల్లీ ఛత్తర్‌పూర్‌లోని పదివేల పడకల సర్దార్ పటేల్ కోవిడ్ కేంద్రాన్ని మూసేశారు. మార్చి 7న కేంద్ర ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ మహమ్మారి ముగింపు దశకు వచ్చామన్నారు. ఏప్రిల్ 26న అదే కేంద్రాన్ని హడావుడిగా మళ్లీ తెరిచారు. కుంభమేళా, ఎన్నికల సభలు ఆ మధ్యలోనే జరిగాయి. ఇందులో జనానికి లేని క్రమశిక్షణ ఎక్కడుందో "మనవాళ్లు" అనే పెద్దలు చెప్పాలి.

ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేకపోవడానికి కూడా ఒక లెక్క ఉంది. కొరియాలో క్వారంటైన్ అయినవాళ్ల ఇంటికి సరుకుల పెట్టె వచ్చేది, గడువు పూర్తిచేస్తే డబ్బు వచ్చేది. బ్రిటన్‌లో జరిగిన సర్వేల్లో లక్షణాలు ఉన్నా పూర్తిగా ఇంట్లో ఉన్నామన్నవాళ్లు ఐదో వంతు మందే. వాళ్లేమీ కోయంబేడు హమాలీలు కారు. కూలి పోతుందన్న భయం లండన్‌లోనూ ఒకటే.

వచ్చే వైరస్ ఏదో, ఎప్పుడో చెప్పలేం. అది వచ్చిన మొదటి వారంలో కలెక్టరు ప్రెస్‌మీట్ పెడతారు, ఎన్ని బారికేడ్లు పెట్టారో, ఎన్ని లీటర్ల హైపోక్లోరైట్ చల్లారో చెబుతారు. విలేకరులు, పాఠకులు అప్పుడు వేరే లెక్కలు అడగాలి. నమూనా తీసిన ఎన్ని గంటల్లో ఫలితం వస్తోంది? రోగికి ఎక్కడ అంటిందో ఎందరి విషయంలో తేలింది? క్వారంటైన్‌లో ఉన్న కూలీకి రోజుకు ఎంత ఇస్తున్నారు? ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు ఎంత? గత మహమ్మారిలో ఆ పనికి కేంద్రం ఆమెకు అదనంగా ఇచ్చింది నెలకు వెయ్యి రూపాయలు.